వెచ్చని సీసాలు – ఏడో భాగం

అరవదేశపు తెలుగు ఊరు కల్లేరిపట్టిలో గేదెలు చావడం మొదలై ఆరు రోజులైంది. పదకొండు పోయాయి. అన్నింటికీ ఒకటే వరస. పొద్దున మేత ముట్టవు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతుంది. గొంతు కింద వాపు దిగి గురక మొదలవుతుంది. మర్నాటి పొద్దు చూడవు.

అది గొంతువాపు రోగమని పశువుల ఆసుపత్రి కంపౌండర్ మునియప్పకు మొదటి గేదెను చూసినప్పుడే తెలిసింది. అర్థం కానిది ఒక్కటే. చచ్చిన పదకొండింటికీ, వానలకు ముందు, ఆడి నెలలో అతను తన చేత్తోనే టీకా వేశాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో టీకా పడిన ఊళ్ళో ఈ రోగం ఇలా విరుచుకుపడడం అతనెప్పుడూ చూడలేదు. కారణం వెతుక్కుంటూ నిన్న సాయంత్రం ఐసుపెట్టె రిజిస్టరు తీశాడు. టీకా సీసాలుండే, కిరోసిన్ దీపం మీద నడిచే ఆ పెట్టెలో ఎంత చల్లదనం ఉందో రోజుకు రెండుసార్లు అందులో రాయాలి. రాసేది మునియప్పే. తల్లి కర్మలకని, ఆడికి ముందొచ్చే ఆని నెలలో తొమ్మిది రోజులు అతను హరూర్‌లో ఉండిపోయాడు. ఆ తొమ్మిది రోజుల గళ్ళలోనూ డాక్టరు చేతిరాత ఉంది. పద్దెనిమిది గళ్ళు, పద్దెనిమిదిసార్లూ నాలుగు డిగ్రీలు, ఒకే సిరా. రోజూ రాసిన రాత కాదది, ఒక్క బిగిన రాసింది.

ఆ రిజిస్టరును చంకలో పెట్టుకునే మునియప్ప పొద్దున్నే ఆసుపత్రికి వచ్చాడు.

డాక్టర్ తిరువేంగడం వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని సిరంజిలు కడుగుతున్నాడు. కుంభకోణం వైపు మనిషి. ముప్పై ఆరేళ్ళుంటాయి. పెళ్ళాం పిల్లల్ని అక్కడే ఉంచి, ఆసుపత్రి వెనక గదిలో ఒంటరిగా కాపురం. వచ్చి రెండేళ్ళయినా ఎవరినీ గట్టిగా ఒక మాట అన్న మనిషి కాదు. మునియప్ప రిజిస్టరును తెరిచి ఆ పేజీ అతని ముందు పెట్టాడు. ఇద్దరూ ఎప్పటిలా అరవంలోనే మాట్లాడుకున్నారు.

"అయ్యా, ఆని నెలలో పెట్టె ఆరిపోయిందా?"

డాక్టరు పేజీ వంక చూశాడు. సిరంజి తుడిచి బట్ట మీద పెట్టాడు.

"ఆరిపోయింది," అన్నాడు.

అబద్ధం చెబుతాడేమోనని, చెబితే ఏం అనాలా అని మునియప్ప దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అనుకోలేదు. నిలబడ్డ చోటే వరండా గట్టు మీద కూలబడ్డాడు.

"తొమ్మిది రోజులూనా?"

"ఏడు రోజులు. నువ్వు వెళ్ళేముందు పోసిన కిరోసిన్ రెండు రోజులకు సరిపోయింది. మూడో రోజు పాపిరెడ్డిపట్టికి పోయాను. కిరోసిన్ పీపాలు ఎండిపోయి ఉన్నాయి. ఈ ఏడాది ఎక్కడ దొరికింది గనక? దీపాలకే లేదు, ఐసుపెట్టెకు ఎవరిస్తారు? వచ్చే వారం రమ్మన్నారు. హరూర్ నుంచి ఐసు తెప్పించాను. బస్సు ఇక్కడికి వచ్చేసరికి తడి గోనె మిగిలింది. ఆ గోనెనే పెట్టె మీద కప్పాను." డాక్టరు పెట్టె ఉన్న గది వైపు చెయ్యి చూపించాడు. "లోపల ముప్పై నాలుగు చూపించింది."

ముప్పై నాలుగు. అంటే పెట్టెలో ఉన్నా ఒకటే, గోడ మీద పెట్టినా ఒకటే. మునియప్ప తిరిగొచ్చిన రోజు పెట్టె చల్లగానే ఉంది. కింద కిరోసిన్ దీపం నీలంగా వెలుగుతోంది. సీసాలు వరసగా ఉన్నాయి. అందులో పన్నెండు తీసుకుని అతను మూడు ఊళ్ళు తిరిగాడు.

"నాకు చెప్పలేదు మీరు."

"చెబితే వేసేవాడివా?"

"వెయ్యను."

"అందుకే చెప్పలేదు."

మునియప్పకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళలో ఏ డాక్టరు ముందూ గొంతు పెంచని మనిషి లేచి నిలబడ్డాడు. "మీ చేతిలో సూది ఉందా అయ్యా? సూది నా చేతిలో కదా ఉండేది? వాళ్ళు గొడ్లను పట్టుకుని నిలబడింది నన్ను చూసి. నా చేతిలో నీళ్ళు పెట్టి పంపించినారే!"

డాక్టరు తల ఎత్తలేదు. "మూడేళ్ళ కింద, ఇక్కడికి రాక ముందు ఉన్న ఊళ్ళోనూ ఇలాగే అయింది," అన్నాడు. "అప్పుడు నిజం రాశాను. మందు పాడైంది, వేరే పంపించండని. పాడైన సీసాలు తిప్పి పంపండి, ఎందుకు పాడైందో సంజాయిషీ ఇవ్వండి, ఈ ఏటి వాటా ఇచ్చేశాం అని జవాబొచ్చింది. సీసాలు తిప్పి పంపాను. సంజాయిషీ ఇచ్చాను. వానలు పడ్డాయి. డెబ్బై గొడ్లు పోయాయి. ఆ ఊరివాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. మందు రాకపోతే పాపం డాక్టరేం చేస్తాడన్నారు. ఇంటికి పిలిచి మజ్జిగ పోశారు. ఆ జాలిని ఇంకోసారి భరించడం నావల్ల కాదనుకున్నాను మునియప్పా. పదోవంతు శక్తి మిగిలినా కొన్నైనా దక్కుతాయి గదా అనుకున్నాను."

"దక్కలేదు."

"దక్కలేదు."

"మందు లేదని చెప్పి ఉంటే దక్కేవి," అన్నాడు మునియప్ప.

డాక్టరు అప్పుడు తలెత్తాడు.

"మందు లేని ఏడాది వీళ్ళేం చేస్తారో మీకు తెలీదు. వాన పడగానే గొడ్లను విడివిడిగా కట్టేసుకుంటారు. పక్క వీధి గొడ్డు తాగిన తొట్లో నీళ్ళు పెట్టరు. గుంటకు తోలరు. ఒకటి మేత మానిందంటే దాన్ని ఊరి బయటికి తోలేస్తారు. మా తాతల నాటి నుంచీ అంతే. ఒకటో రెండో పోతాయి, అంతటితో ఆగుతుంది. ఈ ఏడు ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఏమంటే టీకా వేసేశాం, ఏమీ కాదని చెప్పినాను. అందరూ కలిపి ఒకే గుంటకు తోలినారు."

 డాక్టరు కడిగిన సిరంజినే మళ్ళీ తీసుకుని కడగసాగాడు. అతను ఈ సంగతి ఆలోచించనే లేదని మునియప్పకు అర్థమైంది. అంతవరకూ ఉన్న కోపం చప్పున చల్లారింది. దాని చోట ఏమీ మిగల్లేదు. కోపమే మేలనిపించింది.

సిరంజి పక్కన పెట్టి డాక్టరు అన్నాడు: "ధర్మపురికి మొన్ననే తంతి కొట్టాను. ఇన్ని గొడ్లు పోయాక పంపక ఏం చేస్తారు? కొత్త టీకా ఈ రోజు బస్సులో వస్తోంది. సాయంత్రానికి గొడ్లు తోలుకు రమ్మని దండోరా వేయించాను."

 మునియప్ప లోపలికి వెళ్ళి ఐసుపెట్టె తెరిచాడు. ఆడి నెలవి రెండు సీసాలు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురుకు పట్టాడు. రంగు మారలేదు. అడుగున మడ్డి పేరుకోలేదు. మూత తీసి వాసన చూశాడు. పాలు పాడైతే విరుగుతాయి, అన్నం పాచిపోతే కంపు కొడుతుంది. చచ్చిన మందుకు ఏ గుర్తూ లేదు.

"మునియప్పా! నాయనా, ఉండావా?"

గొంతు వినగానే ఎవరో తెలిసింది. వెంకటలక్ష్మమ్మ. యాభై దాటిన మనిషి. మొగుడు పోయిన నాటి నుంచీ రెండు గేదెల మీద బతుకుతోంది. తెల్లవారి బస్సులో పాపిరెడ్డిపట్టి టీకొట్లకు పాలు పోసి వస్తుంది. మొదటి గేదె నాలుగు రోజుల కింద పోయింది. రెండోది చూడిది, ఎనిమిదో నెల.

"పొద్దున్నించి గడ్డి ముట్టలేదప్పా," అంది గుమ్మంలో నిలబడే. "ఒళ్ళు పెనం మాదిరి కాల్తా ఉండాది. నువ్వు వస్తావా?"

సల్ఫా మందు అర సీసా ఉంది. ఈ రోగానికి మొదట్లోనే అందితే కాస్తో కూస్తో పనిచేసేది అదొక్కటే. ఏడాదికొకసారి పెట్టెలు వస్తాయి, ఎండాకాలం చిత్తిరై నెలకే అయిపోతాయి, మిగతా ఏడాదంతా బీరువాకు తాళం వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. ఎదిగిన గేదెకు రెండు సీసాలు పడతాయి. మునియప్ప ఆ అర సీసానే సంచిలో వేసుకుని ఆమె వెంట నడిచాడు.

గేదె కొట్టంలో పడుకుని ఉంది. మెడ చాచి పెట్టింది. గొంతు కింద వాపు అప్పటికే పిడికిలంత ఉంది. మునియప్ప మెడ నరం పట్టి సూది గుచ్చి, ఉన్న మందంతా ఎక్కించాడు. వెంకటలక్ష్మమ్మ దాని కొమ్ములు పట్టుకుని కూర్చుంది.

"ఇది మంచి మందేనా?" అని అడిగింది.

"మంచిదే అక్కా. చాలదు."

"ఆడిలో ఏసిన ఊసి కూడా మంచిదే అన్నావు."

టీకాను ఆ ఊళ్ళో అందరూ ఊసి అనే అంటారు. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉత్తినే గుర్తు చేసుకున్నట్టు అంది. అదే మునియప్పకు భరించలేనిదైంది. చెబుదామా వద్దా అని అతను దారంతా కొట్టుమిట్టాడాడు. ఇప్పుడు ఆలోచించకుండానే నోరు తెరిచాడు.

"ఆ ఊసి చచ్చిపోయిన మందక్కా. నేను హరూర్‌లో ఉన్నప్పుడు సీమెన్నె లేక ఐసుపెట్టె ఏడునాళ్ళు ఆరిపోయిందంట. వేడికి మందులో సత్తువ పోయింది. మీ గొడ్లకు నేను వేసింది వట్టి నీళ్ళు."

వెంకటలక్ష్మమ్మ అతని మొహంలోకి చూసింది. "నెజంగానా?"

"నెజం."

"తెలిసే ఏసినావా?"

"లేదు. ఈ పొద్దే తెలిసింది. డాక్టరుకు తెలుసు."

 ఆమె గేదె చెవి మీద వాలిన ఈగను తోలింది. మళ్ళీ వాలింది. మళ్ళీ తోలింది.

"ఈదంతా తిరిగింది నేను కదప్పా," అంది చివరికి. "ఊసి ఏస్తే పాలు తగ్గుతాయని ఎవురూ రామంటే, ముందు నా ఎనుములకు ఏయించి చూపించినాను. పచ్చయమ్మాళ్ ఇంటి ముందర నిలుచుకొని కొట్లాడినాను. 'నాకు మునియప్ప మాట చాలు, నీకేంటికి చాలదు?' అంటిని. దానివి మూడూ పోయినాయి. అది నన్ను ఒక్క మాట అనలేదు. నిన్న బాయి కాడ నన్ను చూసి, బిందె తీసుకొని పక్కకు జరిగి దోవ ఇచ్చింది. అంతే."

"నన్ను తిట్టక్కా."

"తిడితే?" అంది ఆమె. "చూస్తే తెలీదా? మంచి మందు, చచ్చిన మందు?"

"తెలీదు. ఇరవై రెండేండ్లుగా చూస్తా ఉండాను, నాకే తెలీదు. చేసినచోట పరీక్ష చేసే పంపిస్తారు. అక్కడ మంచిగానే ఉంటాది. దోవలో చస్తాది."

"దోవలో గొడ్డు చస్తే కాకులన్నా చెప్తాయి," అంది వెంకటలక్ష్మమ్మ.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గురక మొదలైంది. కొట్టం బయటికి, వీధిలోకి వినిపించే గురక. మునియప్ప తడిగుడ్డ వేశాడు, తల కింద గడ్డి ఎత్తు పెట్టాడు. చెయ్యడానికి ఇంకేమీ లేక, ఏదో చేస్తున్నట్టు ఉండడానికి చేశాడు. రెండు గంటల వేళ గేదె నాలుగు కాళ్ళూ ఒకసారి బిగబట్టి వదిలేసింది. గురక ఆగింది.

 వెంకటలక్ష్మమ్మ దాని కడుపు మీద అరచెయ్యి వేసి అలాగే ఉంచింది. లోపల దూడ ఇంకా కదులుతోంది. కడుపు తోలు కింద గిట్టో మోకాలో ఒకటి పొడుచుకు వచ్చి, జారిపోయి, మళ్ళీ పొడుచుకు వచ్చింది. ఆమె మునియప్ప వైపు చూసింది. ఎనిమిదో నెల దూడ, కోసి తీసినా బతకదు. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ జవాబు ముందే తెలిసినట్టు ఆమె మళ్ళీ కడుపు వైపు తిరిగింది. ఆ కదలిక ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.

ధర్మపురి బస్సు మూడున్నరకు వచ్చింది. రావలసింది పన్నెండింటికి. దోవలో టైరు పోయిందని, ఇంకో టైరు తెచ్చేదాకా చెట్టు నీడైనా లేని చోట బండి నిలిచిపోయిందని చెబుతూ కండక్టరు బస్సు టాపు మీంచి కొయ్యపెట్టె దించాడు. పెట్టె సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆసుపత్రి ముందు అప్పటికే జనం చేరారు. దండోరా విని వచ్చినవాళ్ళు. మిగిలిన గొడ్లను తాళ్ళతో పట్టుకుని ఒకరికొకరు ఎడంగా నిలబడ్డారు.  మునియప్ప, వెనకాలే వెంకటలక్ష్మమ్మ రావడం చూసి దోవ ఇచ్చారు.

డాక్టరు పెట్టె మూత తీశాడు. పైన తడి రంపపు పొట్టు. కింద ఐసు లేదు. నీళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళలో సీసాలు. డాక్టరు చెయ్యి పెట్టి చూసి, గొంతు తగ్గించి అరవంలో, "ఇంకా కాస్త చల్లగానే ఉంది," అన్నాడు.

మునియప్ప కూడా చెయ్యి పెట్టాడు. కుండలో తెల్లవారి తెచ్చిపోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. మూడున్నర గంటల ఆలస్యం. ఏడు రోజులు కాదు. ఈ మందు బతికే ఉండవచ్చు. బతికి ఉండడానికే ఎక్కువ వీలుంది. కాని ఆ మాటను ఏ ముఖంతో చెప్పడం? చెబితే నమ్మేదెవరు?

ఎవరూ ఏమీ అనకముందే వెంకటలక్ష్మమ్మ జనం వైపు తిరిగింది.

"ఆడిలో మన గొడ్లకు ఏసింది చచ్చిన మందంట," అంది. పెద్ద గొంతు కాదు. అయినా అందరికీ వినపడింది. "మునియప్పే నాకు చెప్పినాడు. వాడికి తెలీక ఏసినాడు. తెలీక నేను మిమ్మల్ని పిలిచినాను. ఇప్పుడు వచ్చింది మంచిదో కాదో నాకు తెలీదు. ఈ సారి నేను ఎవుర్నీ పిలవను."

జనంలో ఒక కదలిక పుట్టింది. వెనకవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఎవరో డాక్టరును తిట్టారు. డాక్టరు పెట్టె మూతను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు పచ్చయమ్మాళ్ ముందుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఆమె చేతిలో ఏ తాడూ లేదు. పట్టుకోవడానికి ఆమెకు గొడ్డు మిగల్లేదు.

"ఏమప్పా మునియప్పా," అంది. "మీ ఇంట్లో కర్రావు ఉండాది కదా? ఆడిలో దానికి ఏసినావా?"

"లేదు. అప్పటికి అది ఈని నాలుగునాళ్ళే. వెయ్యలేదు."

"అయితే ఇప్పుడు ఈ కొత్త మందు దానికి ఎయ్యి. అందురూ చూస్తా ఉండంగా ఎయ్యి. ఏసి, తోలుకొచ్చి నా కొట్టంలో కట్టు. నా మూడు ఎనుములూ చచ్చిన చోట. నాలుగునాళ్ళు ఉండనీ. అది బతికితే అందురూ ఏయించుకుంటారు."

"సరి," అని ఒకరన్నారు. "అదే సరి," అని పదిమంది అన్నారు.

 మంచి టీకా అయినా ఒంట్లో పనిచెయ్యడానికి పదిహేను రోజులు పడుతుందని మునియప్పకు తెలుసు. ఇవాళ వేసి ఇవాళే ఆ కొట్టంలో కడితే, మందు బతికి ఉన్నా ఆవుకు ఏ రక్షణా ఉండదు. నాలుగో నాటికి అది చస్తే, మంచి మందును చచ్చినదని ఊరంతా నమ్ముతుంది. ఈ ఊళ్ళోనే కాదు, పక్క ఊళ్ళలోనూ ఇంకెవరూ సూది ముట్టనివ్వరు.

అది చెప్పడానికి అతను నోరు తెరిచేలోగా జనం వెనక నుంచి మువ్వల చప్పుడయింది. మునియప్ప భార్య సౌభాగ్యం నల్లని కర్రావును తోలుకుని వస్తోంది. దండోరా విని ఆవుతో వచ్చి, జనం వెనక నిలబడి అంతా విన్నట్టుంది, ఏడ్చి తుడుచుకున్న మొహం ఎర్రగా ఉంది. ఎవరి వైపూ చూడకుండా నేరుగా వచ్చి మొగుడి ముందు ఆవును నిలబెట్టింది.

"ఎయ్యి," అంది. "ఇంకా ఏం చూస్తా ఉండావు? ఈ ఊళ్ళో మనం తలెత్తుకోవాలంటే ఇది ఒక్కటే దోవ."

"సౌభాగ్యం, అది కాదే, ఇది పదిహేను..."

డాక్టరు చెయ్యి అతని మణికట్టు మీద పడింది.  "వద్దు మునియప్పా," అన్నాడు చెవి దగ్గరగా, అరవంలో. "పదిహేను రోజులు పడుతుందని ఇప్పుడు చెప్పకు. చెప్పావా, ఒక్కరూ వేయించుకోరు. ఈ పెట్టె కూడా పాడవుతుంది. ముందు నీ ఆవుకు వెయ్యి. అది చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళ గొడ్లకు ఈ పూటే వేసేద్దాం. తర్వాత సంగతి తర్వాత."

ఆని నెలలో డాక్టరు దాచిన మాట ఎన్ని ప్రాణాలు తీసిందో పొద్దున్నే తెలుసుకున్న మునియప్ప, ఇప్పుడు తన నోట్లోనే అలాంటి మాట ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. చెబితే మిగిలిన గొడ్లకు మందు అందదు. చెప్పకపోతే మళ్ళీ మోసమే, ఈసారి తెలిసి చేసే మోసం.

పచ్చయమ్మాళ్ సౌభాగ్యం చేతిలోంచి తాడు తీసుకుంది.